విద్యాయాత్రలకు ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులకు అటూ ఇటూగా ప్రతి బడిలోనూ ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి. ఎక్కడికి వెళ్దాం, ఏ వారం వెళ్దాం, ఎంతమందిని తీసుకెళ్దాం, ఎంత వసూలు చేద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోని బడులను, ముఖ్యంగా 6 నుంచి 10 తరగతుల పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం.

పిక్నిక్‌కీ విద్యాయాత్రకీ తేడా ఏమిటి?

పిల్లలు ఒక ప్రశ్న వెంటబెట్టుకుని బస్సెక్కితే అది విద్యాయాత్ర. చోటు ఒకటే కావచ్చు. నాగార్జునసాగర్‌కు వెళ్లి ఫొటోలు దిగి పులిహోర తిని రావచ్చు. అదే నాగార్జునసాగర్‌కు "ఈ నీళ్లు మన ఊరి కాలువదాకా ఎలా వస్తున్నాయి?" అని అడుగుతూ కూడా వెళ్లవచ్చు. బయల్దేరడానికి వారం ముందే ఆ ప్రశ్న తరగతిలో బోర్డు మీద ఉండాలి. బస్సులో మైకు పట్టుకుని చెబితే ఎవరికీ ఎక్కదు.

ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూడవచ్చు?

రెండు. మూడోది పెడితే మూడూ పాడవుతాయి. ఒక లెక్క చూడండి: 45 మంది పిల్లలు, 3 మరుగుదొడ్లు, ఒక్కొక్కరికి 2 నిమిషాలు. అంటే దిగిన ప్రతిచోటా అరగంట పోయినట్టే. దించడం, లెక్కపెట్టడం, టికెట్టు, మళ్లీ ఎక్కించడం కలిపితే ఇంకో 30 నిమిషాలు. కరపత్రంలో 6 చోట్ల పేర్లు వేస్తే తల్లిదండ్రులకు బాగుంటుంది కానీ, పిల్లలకు ఆ రోజంతా బస్సు మెట్లే గుర్తుంటాయి.

హైదరాబాద్‌లో ఒక్క రోజు ఉంటే ఏం చూపించాలి?

ముందుగా ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి శుక్రవారం సెలవు. నెహ్రూ జూ పార్కుకు సోమవారం సెలవు. దూర జిల్లాల నుంచి రాత్రంతా ప్రయాణం చేసి శుక్రవారం పొద్దున సాలార్‌జంగ్ గేటు ముందు దిగే బస్సులు ఏటా కనిపిస్తూనే ఉంటాయి. ఆదివారం తెరిచే ఉంటుంది కానీ ఆ జనంలో పిల్లలను పట్టుకోవడం కష్టం. మంగళ, బుధ, గురువారాలు మంచివి.

భౌతికశాస్త్రం చదివే పిల్లలకైతే మా మొదటి ఓటు గోల్కొండకే. ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సారులో వినిపిస్తుందని గైడ్లందరూ చెబుతారు. అక్కడితో ఆపకండి, దాన్ని ప్రయోగంగా మార్చండి. రెండు జట్లు చేసి, గడియారాలు సెకన్లతో సహా కలిపి, కింది జట్టును ముందే అనుకున్న సెకనుకు చప్పట్లు కొట్టమనండి. పై జట్టు విన్న క్షణాన్ని రాసుకోవాలి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి దూరం లెక్కకట్టవచ్చు. ఇందులో తప్పు ఎక్కడ వస్తుందంటే, స్టాప్‌వాచీ నొక్కడంలో 0.2 సెకను ఆలస్యమైనా దూరంలో దాదాపు 70 మీటర్ల తేడా వస్తుంది. అందుకే కనీసం 10 సార్లు కొట్టించి సగటు తీయాలి. "ఒకే కొలత ఎందుకు చాలదు?" అన్న పాఠం వాళ్లకు అక్కడ చేతికందుతుంది. ఉదయం తెరవగానే వెళ్లాలి. పది దాటితే అందరూ చప్పట్లు కొడుతూనే ఉంటారు, మీ చప్పుడేదో తెలియదు. కొండ ఎక్కేటప్పుడు నీళ్లను దశలవారీగా పైకి తోడిన ఏర్పాటు, మట్టి గొట్టాల ఆనవాళ్లు కూడా చూపించండి. చాలామంది వాటిని చూడకుండానే మెట్లెక్కేస్తారు.

మధ్యాహ్నానికి బిర్లా ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం సరిపోతాయి. అక్కడి డైనోసార్ అస్థిపంజరం ప్లాస్టిక్ బొమ్మ కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టింది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. మన ఊరి పేరు ఒక డైనోసార్ పేరులో ఉందని తెలిసినప్పుడు పిల్లల కళ్లు చూడాలి.

సాలార్‌జంగ్‌కు వెళ్తే అన్ని గదులూ తిప్పకండి. మూడు వస్తువులు ఎంచుకోండి. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం, పాలరాతిలో పలుచని మేలిముసుగును చెక్కిన రెబెక్కా, మీకు నచ్చిన ఇంకొకటి. గడియారం ముందు పన్నెండింటికి జనం ఎక్కువ. పది, పదకొండు గంటలకైతే కొట్టే దెబ్బలు తక్కువైనా పిల్లలకు బొమ్మ కనిపిస్తుంది.

నాగార్జునసాగర్‌కు వెళ్తే నాగార్జునకొండ చూడాలా, డ్యామ్ చూడాలా?

రెండూ ఒకే కథ, విడదీయకూడదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 26 గేట్లున్న ఈ ఆనకట్ట రాతికట్టు. కాంక్రీటు డ్యాముల కాలంలో ఇంత ఎత్తున, 124 మీటర్లు, రాయితో ఎందుకు కట్టారని పిల్లలను అడగనివ్వండి. సిమెంటు కరువు, చేతిపని ఇవ్వాల్సిన జనం, దగ్గరలోనే దొరికే రాయి: ఈ మూడూ వాళ్లంతట వాళ్లే చెప్పేదాకా ఆగండి.

ఆ నీళ్లు నిలిస్తే ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోతుంది. అందుకే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి, రాయి రాయికీ గుర్తు పెట్టి, కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు ద్వీపమైన నాగార్జునకొండ నిజానికి ఆ లోయలోని ఒక కొండ కొస. ఈ మాట లాంచీ ఎక్కకముందే చెబితే, దారిలో పిల్లలు నీళ్లలోకి చూసే చూపే మారిపోతుంది.

పనిమాటలు: కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీకి వెళ్లేటప్పుడు దాదాపు గంట, వచ్చేటప్పుడు అంతే. గాలి ఎక్కువైనా, వరద ఉన్నా, నీటిమట్టం పడిపోయినా లాంచీలు ఆపేస్తారు. కాబట్టి అనుపును ప్రత్యామ్నాయంగా పెట్టుకోండి. అక్కడికి రోడ్డు మీదే వెళ్లవచ్చు. మెట్ల ప్రాంగణం నడుమ నిలబడి మాట్లాడితే పై వరుసదాకా వినిపిస్తుంది, పద్యం చదివించండి. లైఫ్ జాకెట్టు వేసుకోవడమే కాదు, బకిల్ పెట్టారో లేదో ఒక్కొక్కరినీ తాకి చూడాలి. చిన్నపిల్లలకు పెద్దల సైజు ఇస్తే నీళ్లలో పడినప్పుడు జాకెట్టు పైకి జారిపోతుంది.

రామప్ప గుడిలో నీళ్లపై తేలే ఇటుకలు నిజమేనా? పిల్లలకు చూపించవచ్చా?

నిజమే. పాలంపేటలోని ఈ గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విమానానికి, అంటే గర్భగుడి పైగోపురానికి, వాడిన ఇటుకల్లో సన్నని రంధ్రాలు నిండా ఉండటంతో వాటి సాంద్రత నీటికంటే తక్కువ. పైబరువు తగ్గించడానికి చేసిన ఉపాయం అది. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టడాన్ని నిలబెట్టడం ఇంకో విశేషం.

అక్కడ ఇటుకను నీళ్లలో వేసి ఎవరూ చూపించరు, అడగనూ కూడదు. ఆ ప్రయోగం బడిలో చేయండి. కుమ్మరి దగ్గర ఒకే మట్టితో రెండు ముద్దలు చేయించండి. ఒకదానిలో పావు వంతు మెత్తని ఊక కలపండి. రెండూ నీడలో వారం ఆరాక ఆవంలో కాల్పించండి. ఊక కాలిపోయి ఆ చోటు ఖాళీ అవుతుంది. తూచి, కొలిచి, సాంద్రత లెక్క వేయించండి. మీ ఇటుక తేలకపోవచ్చు. పావు వంతుకు చాలాసార్లు తేలదు. ఎందుకు తేలలేదన్నదే మంచి ప్రశ్న. ఊక ఎక్కువ పెడితే ముద్ద ఆరేటప్పుడే పగులుతుంది. ఎనిమిది శతాబ్దాల కిందటి పనివాడు ఆ రెండింటి మధ్య సమతూకం ఎలా పట్టాడో అప్పుడు తెలుస్తుంది. యాత్రకు ముందే ఇది చేసి వెళ్తే గుడి వేరేలా కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి రామప్ప 200 కిలోమీటర్లు దాటుతుంది. ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోకండి. రాత్రి హనుమకొండలో ఆగితే 1163 నాటి వేయిస్తంభాల గుడి, వరంగల్ కోటలోని తోరణాలు మరునాడు నెమ్మదిగా చూడవచ్చు.

విశాఖపట్నం, బొర్రా గుహలకు ఎన్ని రోజులు కావాలి?

రెండు పూర్తి రోజులు. మొదటి రోజు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, 2002లో మ్యూజియం అయింది. సోమవారం సెలవు. మిగతా పనిదినాల్లో మధ్యాహ్నం తర్వాతే తెరవడం ఆనవాయితీ కాబట్టి ఉదయానికి తొట్లకొండ బౌద్ధ క్షేత్రమో, ఎర్రమట్టి దిబ్బలో పెట్టుకోండి. జలాంతర్గామి పొడవు 91 మీటర్లు కానీ లోపల ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. గదికీ గదికీ మధ్య గుండ్రని కంతలు. తల, మోకాలు తగిలేది అక్కడే. 15 మంది చొప్పున, ముందొక టీచరు వెనకొక టీచరుతో పంపండి. ఇరుకు చోటంటే భయపడే పిల్లలను బలవంతపెట్టొద్దు.

రెండో రోజు పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరులో బొర్రాకు. బస్సుకంటే రైలే మేలు. సొరంగాలు లెక్కపెట్టమని చెబితే దారంతా పిల్లలు కిటికీ దగ్గరే ఉంటారు. చెయ్యి మాత్రం బయట పెట్టనివ్వకండి, సొరంగం గోడ చాలా దగ్గర. గుహలో చెప్పాల్సింది ఒకటే: వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆమ్లమై సున్నపురాయిని కరిగిస్తుంది, చుక్కలుగా పడేచోట అదే సున్నాన్ని తిరిగి వదిలిపెడుతుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. వాటిని తాకితే చేతి జిడ్డు అంటుకుని అక్కడ సున్నం పేరుకోవడం ఆగిపోతుంది. వేల ఏళ్ల పని ఒక్క చేతి ముద్రతో చెడుతుందని ముందే చెప్పండి. డిసెంబరు, జనవరిలో అరకులో స్వెట్టరు లేకుండా పిల్లలు వణికిపోతారు.

రాయలసీమ బడులకు దగ్గరలో ఏమున్నాయి?

బెలుం గుహలు. మొత్తం 3,229 మీటర్ల పొడవులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు చూడవచ్చు. అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర 46 మీటర్లు. బొర్రాలో చల్లగా ఉంటుంది కాబట్టి ఇక్కడా అంతేననుకుంటే పొరపాటు. బెలుంలో ఉక్కపోత, గాలాడదు. ఉబ్బసం ఉన్న పిల్లలను ఇన్‌హేలర్ లేకుండా దించకండి. నూలు బట్టలు, పట్టున్న చెప్పులు, ఒక్కొక్కరికి అర లీటరు నీళ్లు. గుహలోకి తినుబండారాలు వద్దు.

గండికోట పెన్నా లోయను దీనితో కలుపుతారు. అంచున చాలాచోట్ల కంచె లేదు. అంచుకు పది అడుగుల ఇవతల టీచర్లు వరుసగా నిలబడి, వాళ్ల వెనక నుంచే పిల్లలు చూడాలి. సెల్ఫీలు నిషేధం. ఇది కఠినంగా అనిపించినా సడలించకండి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూపించవచ్చా?

సందర్శకుల గ్యాలరీ 2019 నుంచి ఉంది. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఆన్‌లైన్‌లో నమోదు తెరుస్తారు, సీట్లు త్వరగా నిండిపోతాయి. గుర్తింపు కార్డులు తప్పనిసరి. అయితే ప్రయోగం వాయిదా పడటం మామూలే. వాతావరణమో, చివరి నిమిషంలో బయటపడే సాంకేతిక లోపమో చాలు. ప్రయోగం ఒక్కటే నమ్ముకుని 50 మందిని తీసుకెళ్తే నిరాశే మిగలవచ్చు. ప్రయోగం లేని రోజుల్లో అంతరిక్ష కేంద్రం చూడాలంటే బడి లెటర్‌హెడ్ మీద పేర్ల జాబితాతో చాలా ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి.

పక్షులను కూడా చూపించాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు రోడ్డు పులికాట్ సరస్సు మీదుగానే పోతుంది, రాజహంసలు కనిపిస్తాయి. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, మట్టిరంగు మేలు. బైనాక్యులర్లు పదిమందికి ఒకటున్నా చాలు.

గుళ్లు, డ్యాములు కాక పని నేర్పే చోట్లు ఏవి?

మా లెక్కలో ఇవే అన్నిటికంటే విలువైనవి, ఇంకా బడులు తక్కువగా వెళ్లేవి కూడా ఇవే.

భూదాన్ పోచంపల్లిలో ముందు గ్రాఫు కాగితం మీద గీసిన నమూనా చూపించమని అడగండి. ఆ గళ్ల లెక్క ప్రకారమే నూలును కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కడతారు. గుడ్డ నేశాక వేసే రంగు కాదిది, నేయకముందే పడే రంగు. లెక్కల టీచరుకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును మేకుల మీద అటూ ఇటూ చుట్టడం, చూపించండి. ఒక చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ కదపాలి. తల్లి భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నది ఈ ఊళ్లోనే. కాబట్టి సాంఘికశాస్త్రం టీచరుకూ పని ఉంది.

కొండపల్లిలో బొమ్మల కోసం తెల్లపొణికి కర్రను సెగ పెట్టి తడి తీస్తారు. అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తడి తీయని కర్రతో చేస్తే అతుకు విడిపోతుంది.

గోదావరి జిల్లాలవాళ్లకు ధవళేశ్వరం ఉంది. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, కాటన్ మ్యూజియం ఒక్క పూటలో చూడవచ్చు.

ఇలాంటి చోట్ల ఒక మర్యాద పాటించాలి. మగ్గం ఉన్న చోటు వాళ్ల ఇల్లు కూడా. ముందురోజు వెళ్లి అడగండి, 12 మందికి మించి ఒక ఇంట్లోకి పంపకండి. ఆ పూట వాళ్ల పని ఆగుతుంది కాబట్టి ఇంత అని డబ్బు ఇవ్వండి. "పిల్లలే కదా" అని ఊరికే తీసుకోవడం తప్పు.

చిన్న తరగతులను ఎక్కడికి తీసుకెళ్లాలి?

బడి నుంచి గంట దూరం దాటొద్దు. పోస్టాఫీసు, రైతుబజారు, కుమ్మరి వాము, రైసు మిల్లు, రైల్వే స్టేషను. పదిమందికొక పెద్ద మనిషి ఉండాలి. 6వ తరగతి దాటాక 15 మందికొకరు చాలు. బాలికలుంటే ఇద్దరు టీచరమ్మలైనా తప్పనిసరి, వాళ్ల సంచిలో శానిటరీ ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక జత బట్టలు ఉండాలి.

బస్సు, రైలు, కాగితాల సంగతేమిటి?

స్కూలు బస్సును రాష్ట్రం దాటించాలంటే విడిగా తాత్కాలిక అనుమతి, పన్ను కట్టాలి. కట్టకుండా వెళ్లి తనిఖీలో దొరికితే పిల్లలతో సహా గంటలు నిలబడాలి. ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకుంటే ఈ తలనొప్పి తక్కువ. బీమా, ఫిట్‌నెస్, డ్రైవరు లైసెన్సు నకళ్లు ముందే తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా ప్రయాణం పెట్టుకోకండి. పగలంతా పిల్లలతో తిరిగిన డ్రైవరుకు రాత్రి నిద్ర ఆగదు.

రైల్లో విద్యాయాత్రకు రాయితీ ఉంది. నిర్ణీత ఫారం మీద ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర వేసి కౌంటరులోనే తీసుకోవాలి. ఒక్క ఫారం మీద 6 మందికే టికెట్టు, కాబట్టి పెద్ద గుంపుకు రిజర్వేషన్ అధికారిని ముందే కలవాలి. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు.

తల్లిదండ్రుల అంగీకారపత్రంలో రక్తం గ్రూపు, పడని మందులు, రోజూ వేసుకునే మాత్రలు, రెండు ఫోను నంబర్లు ఉండాలి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. బడి గుర్తింపు కార్డు మెడలో ఉంటే వాదన ఉండదు.

తిండి ఏం పెట్టాలి? వాంతులకు ఏం చేయాలి?

పులిహోర, పెరుగన్నం, చపాతీ. కొబ్బరి పచ్చడి, పప్పు, గుడ్డు వద్దు, ఎండలో బస్సులో ముందు చెడేవి అవే. పిల్లవాడికి 100 నుంచి 120 గ్రాముల బియ్యం లెక్కన 50 మందికి 5 నుంచి 6 కిలోలు. అన్నం వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి నీరై మధ్యాహ్నానికి వాసన వస్తుంది. వెడల్పు పళ్లెంలో ఆరబెట్టాకే డబ్బాలో పెట్టాలి. పెరుగన్నంలో పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోస్తే తినే వేళకు పులవదు.

కడుపులో తిప్పేవాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా చూడమనండి. ఫోను చూస్తే ఎక్కువవుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేయకూడదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.

నీళ్లలో దిగనివ్వవచ్చా?

లేదు. మోకాలి లోతుకూ వద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఎగువన డ్యామ్ గేట్లు తెరిచారు, రాళ్ల మీద నిలబడి ఉన్నవాళ్లకు నీరు పెరిగిందని తెలిసేలోపే ప్రవాహం చుట్టుముట్టింది. డ్యామ్ దిగువన నది ఎండిపోయినట్టు కనిపించడమే ప్రమాదం. సాగర్ దిగువనా, ఎత్తిపోతల దగ్గరా, విశాఖ బీచ్‌లోనూ ఇదే నియమం.

ఖర్చు ఎలా లెక్కవేయాలి?

బస్సు అద్దె, డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు, పన్ను, టికెట్లు, తిండి, బస. మొత్తానికి 10 శాతం కలిపి, 50 మంది పేర్లిచ్చినా 45తో భాగించండి. చివరి రెండు రోజుల్లో నలుగురైదుగురు మానేస్తారు. డబ్బు కట్టలేని పిల్లల వాటాను మొదటే ఖర్చులో కలపండి. ఎవరిది ఎవరు కట్టారో తరగతిలో తెలియకూడదు. కట్టలేదని ఒక్కరిని వదిలి వెళ్లేకంటే దగ్గరి చోటుకు అందరూ వెళ్లడం నయం.

తిరిగొచ్చాక వ్యాసం రాయించాలా?

"నేను చూసిన విహారస్థలం" అంటే అందరూ ఒకేలా రాస్తారు. దాని బదులు బయల్దేరేటప్పుడే ఒక్కొక్కరికి ఒక్క పని ఇవ్వండి. ఒకరు సాగర్ గేటు ఒకటి గీయాలి, ఒకరు లాంచీ నడిపేవారిని మూడు ప్రశ్నలు అడగాలి, ఒకరు శిలాఫలకంలోని తేదీలన్నీ రాసుకోవాలి, ఒకరు దారిలో మట్టిరంగు ఎక్కడెక్కడ మారిందో కిలోమీటరు రాళ్లతో సహా నోటు చేసుకోవాలి. మరునాడు ఒక పీరియడ్ అవన్నీ నేల మీద పరిచి, రాని పిల్లలకు వచ్చినవాళ్లు చెప్పాలి. రెండు రోజులు ఆగితే సగం మరిచిపోతారు, అందుకే యాత్ర మరునాడు ఆదివారం పడకుండా చూసుకోండి.